చిలకపచ్చ గదిలో పొత్రం

ఆ రోజుల్లో తండ్రి కావడమంటే ఒక గదికి రంగు వేయడమని నేను గట్టిగా నమ్మాను. తప్పు నాది కాదు, నా చేతిలోని ఫోనుది. మా ఆవిడ తొలికాన్పుకు రాయికోడ్ దగ్గరున్న పుట్టింటికి వెళ్లింది. అక్కడ మా అత్త పాత మెత్తని చీరలు ఉతికి ఆరేస్తోంది, మా మామ దవాఖానకు ఆటో మాట్లాడి పెట్టుకున్నాడు. కాబోయే తండ్రికే ఏ పనీ లేదు. జహీరాబాద్‌లో నేను పనిచేసే ట్రాక్టర్ సామాన్ల దుకాణంలో కూర్చుని, ఫోనులో పసిపిల్లల గదులు చూస్తూ ఉండేవాణ్ని. గోడల నిండా మేఘాలు, మధ్యలో తొట్టెల, అదే ఉయ్యాల. నా బిడ్డ కూడా అలాంటి గదిలోకే రావాలని, అది నా చేతులతో చేసిందే కావాలని తెగ ఆశపడ్డాను.

అమ్మకు చెబితే ఒప్పుకోదు. పుట్టని బిడ్డకు గుడ్డపేలిక కూడా కొనొద్దని మా ఇంట్లో పట్టింపు. అందుకని వెనక గదికి చెదలు పట్టాయని చెప్పి రంగు తెచ్చాను. (చిలకపచ్చ అంటే చెదలకు గిట్టదని కూడా చెప్పాను. ఆ వయసులో అబద్ధాలు ధారాళంగా వచ్చేవి.) ఆడో మగో తెలియదు కనుక చిలకపచ్చ. దాని మీద తెల్లగా మేఘాలు నేనే వేశాను. అంతా అయ్యాక దూరం నుంచి చూస్తే పచ్చిక మీద గొర్రెలు మేస్తున్నట్టు ఉంది. ఎంత దిద్దినా మేఘాలు కాలేదు. చివరికి విసిగిపోయి ఒక్కోదానికీ నాలుగేసి కాళ్లు గీసి ఊరుకున్నాను.

తర్వాత, అమ్మ కూరగాయలకు వెళ్లిన సమయం చూసి, కట్టె తొట్టెల ఒకటి తెచ్చి ఆ గదిలో పెట్టి గొళ్లెం వేశాను. మర్నాడు దుకాణం నుంచి వచ్చి తలుపు తీశాను. తొట్టెలలో ఎవరో పడుకుని ఉన్నారు! తలకు తెల్ల టోపీ, మెడదాకా పాత చీర. దగ్గరికి వెళ్లి చూస్తే, సన్నికల్లు మీద అమ్మ పచ్చడి నూరే పొత్రం.

"ఇదేందే అమ్మా?" అని అరిచాను.

"ఇంట్ల ఉత్త తొట్టెల ఉండొద్దురా. దొంగ లెక్క తెచ్చి పెడ్తివి. ఎవర్నో ఒకర్ని పండవెట్టాలె గద?"

మా వైపు బిడ్డను తొట్టెలలో వేసే రోజు, ముందుగా పొత్రాన్ని పడుకోబెడతారు. బిడ్డ దానిలా గట్టిగా ఉండాలని. అమ్మ ఆ పని కాస్త ముందే కానిచ్చింది. "మరి చెదలేవిరా?" అని అడిగి, తనే, "గోడ మీది గొర్లు మేసినయి గావొచ్చు తియ్" అని వెళ్లిపోయింది. మిక్సీలో వేసిన పచ్చడి అమ్మ నోట పెట్టదు. అందుకని పొత్రం రోజూ పొద్దున లేచి, పచ్చడి నూరి, స్నానం చేసి, మళ్లీ వచ్చి పడుకునేది.

పాప పుట్టింది. వెళ్లి చూసి వచ్చి, వారంలో ఇంటికి తెచ్చేస్తానని ప్రకటించాను. అమ్మ నన్ను జాలిగా చూసింది. "తొలికాన్పు బిడ్డ. అయిదో నెల దాక తల్లిగారింట్లనే ఉంటరు. నీకు తెల్వదా?" ఊరందరికీ తెలిసిన సంగతే. గొర్రెలకు కాళ్లు గీసే తొందరలో నాకే గుర్తులేదు. ఆదివారం పూట వెళ్తే పాప నిద్రపోతూ ఉండేది. ఎత్తుకోవాలని ప్రాణం కొట్టుకుపోయేది. తిరిగొచ్చి ఆ గదిలో కూర్చునేవాణ్ని. ఒకనాటి సాయంత్రం నాకు తెలియకుండానే తొట్టెల ఊపుతూ, పాప ఎలా ఆవలించిందో పొత్రానికి చెబుతున్నాను. వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. "మెల్లగ ఊపు. లేస్తడు."

ఎగతాళి చేస్తుందనుకున్నాను. చేయలేదు. పక్కన కూలబడి తనూ ఒక చెయ్యి వేసింది. "నాక్కూడ మస్తు చూడబుద్దయితుందిరా" అంది.

పాప వచ్చింది. గొర్రెలను చూసి కెవ్వుమంది. తొట్టెలలో వేస్తే ఇంకా గట్టిగా. చివరికి హాల్లో అమ్మ చీరతో కట్టిన ఊయలలో హాయిగా నిద్రపోయింది. నా కష్టమంతా నీళ్లపాలైందనుకున్నాను. కానీ మాటలు వచ్చేసరికి ఆ గది తనదే అయింది. గొర్రెలన్నిటికీ పేర్లు పెట్టింది. పొత్రం కథ నాయనమ్మ దగ్గర విని, అప్పటినుంచి దాన్ని అన్న అనే పిలిచేది. "నాయనమ్మా, అన్నకు కారం అంటింది, కడుగు!"

మొన్న జూన్‌లో నేనూ మా ఆవిడా, ఐదో తరగతికి వచ్చిన పాపను హాస్టల్ బడిలో చేర్చి వచ్చాం. ఇంటికి రాగానే కాళ్లు ఆ గదికే పోయాయి. పాప మంచం మీద, దిండుపై, తెల్ల టోపీ పెట్టుకుని పొత్రం పడుకుని ఉంది.

"ఉత్తగ ఉండొద్దురా" అంది అమ్మ, గుమ్మంలో నిలబడి, నావైపు చూడకుండా.

"మరి రేపు పచ్చడెట్లనే?"

"మిక్సీల వేసుకుందాం తియ్."

ఒక డబ్బా రంగుతో తండ్రినైపోదామనుకున్న ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. దుప్పటి మెడదాకా లాగి, కాసేపు జోకొడుతూ కూర్చున్నాను.