మూతలు అతికించిన మందుపెట్టెలు

ఐర్లండులోని బాలినా ఆసుపత్రి మందుల గదిలో అట్రాక్టా గెరటీ ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసింది. నేను అక్కడ బండి తోసేవాణ్ణి. ఆవిడ చెయ్యి చాపితే మందే అరలోంచి నడిచొచ్చేదని చెబితే మా మనవలు నమ్మరు. నేను చదివిన కాన్వెంటు సిస్టర్ల బడిలో అబద్ధమాడితే మోకాళ్ల మీద నిలబెట్టేవారు. కాబట్టి అందులో సగమైనా నిజమే.

ఒక సంవత్సరం అక్కడి అరలన్నీ పీకేసి ఒక యంత్రం పెట్టారు. పెట్టె మీది బార్‌కోడు గీతలు చదివి, తనకు తోచినచోట దాచి, అడిగినప్పుడు ఇస్తుంది. అట్రాక్టా వద్దంది. ఇంకోసారి అడ్డుపడితే దుప్పట్ల గదికి పంపుతానని కొత్త మేనేజరు ఫెర్గల్ టూహీ అందరి ముందూ అన్నాడు.

యంత్రం మొదలైన రోజు సాయంత్రం, ఆరుకు పది నిమిషాలుందనగా, అట్రాక్టా చెత్తబుట్టలో ఖాళీ టేపు చుట్టలు చూసింది.

"ఇంత టేపు దేనికి సార్?"

"మూత చిరిగిన పెట్టెల్ని మిషను తీసుకోవట్లేదు. అన్నీ అతికించేశాం," అన్నాడు టూహీ.

ఆవిడ మొహం పాలిపోయింది. చోటు చాలక, మిగిలిన మాత్రల పట్టీలను మేం వేరే పెట్టెల్లో సర్దేవాళ్లం. సర్దిన పెట్టె మూత చింపేవాళ్లం. లోపల చూసి తియ్యమని గుర్తు. అది ఎక్కడా రాసి లేదు. రక్తం పలచబరిచే మాత్రల్లో, ఒక మిల్లీగ్రాము పెట్టెలో అయిదు మిల్లీగ్రాములవి పెట్టింది ఆవిడే.

"మిషను ఆపండి."

"మళ్లీ మొదలెట్టావా?"

"దుప్పట్ల గదికే పంపుకోండి, ముందు ఆపండి! ఒక మిల్లీగ్రాముది ఇవాళ ఎవరికెళ్లింది?"

తెర మీద ఒకటే పేరు. మాలకీ లాఫ్టస్, రెండో అంతస్తు, ఆరు గంటలకు నాలుగు మాత్రలు. ఫోన్ చేస్తే అక్కడ ఎవరూ ఎత్తలేదు.

మోయ్ నదిలో సాల్మన్ చేప ఎదురెక్కినట్టు అట్రాక్టా మెట్లెక్కింది. వెనకాల నేను, నా వెనకాల టూహీ.

మాలకీ చేతిలో మాత్రల గిన్నె ఉంది.

"నావి గోధుమ రంగువమ్మా. ఇవి గులాబీ రంగులో ఉన్నాయి."

"కంపెనీ మారుంటుంది తాతా. మిషను తప్పివ్వదు, మింగెయ్," అంటోంది కొత్త నర్సు.

అట్రాక్టా గిన్నె లాక్కుంది. "ఎన్ని మింగావు?"

"ఒక్కటీ లేదు. ఈ పిల్లతో తగువే తెమల్లేదు. ఏం, నన్ను పైకి పంపుదామనుకున్నారా?"

ఆవిడ నాలుగూ లెక్కపెట్టి, మంచం అంచున కూలబడింది.

జరిగిన తప్పును రాసే కాగితం మీద, 'మాత్రలు కలిపిపెట్టింది నేనే' అని రాసి అట్రాక్టా సంతకం చేసింది. టూహీ ఆ కలమే తీసుకుని కింద రాశాడు: టేపు వెయ్యమన్నది నేను.

యంత్రమంతా ఖాళీ చేసి, పెట్టెలు విప్పి చూడ్డానికి రెండు రోజులు పట్టింది. ఆయన విప్పాడు, ఏది మళ్లీ యంత్రంలోకెళ్లాలో ఆవిడ చెప్పింది. కలిపి సర్దిన పెట్టెలు పదిహేడు దొరికాయి. ఇంట్లో మాత్రం డెబ్బై అని చెబుతుంటాను.