శనివారం నాటి సూది

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉంటే, అది మా గ్రంథాలయంలో లేని పుస్తకంలోనే ఉంటుందని నా గట్టి నమ్మకం. ఇప్పటికీ రాప్తాడు వైపు పోతే, చక్కెర జబ్బు కుక్కను బతికించిన మొనగాడని నన్ను చూపిస్తారు. ఆ పొగడ్త నాది కాదు. దాని అసలు హక్కుదారుకు అప్పగించడానికే ఇది రాస్తున్నాను.

కర్రోడు మా చిన్నాయన గొర్రెల మందకు కాపలా కుక్క. తోడేలుతో కలబడి చెవి పోగొట్టుకున్నవాడు. ఆ కరువు ఎండాకాలంలో తొట్టెడు నీళ్లు తాగడం, తాగినంతా పోయడం, ఎంత తిన్నా చిక్కిపోవడం మొదలుపెట్టాడు. వాడు తడిపిన చోట చీమలు పట్టడం చూసి చక్కెర జబ్బని ప్రకటించాను (పశువైద్యం పుస్తకం అప్పటికి సగం చదివాను, మిగతా సగం అవసరం రాదనుకున్నాను). అనంతపురంలో పశువుల డాక్టరు రక్తం పరీక్షించి అదే మాట అన్నాడు. కుక్కలకు మాత్రలు పనిచేయవట. రెండు పూటలా, కడుపునిండా తిన్నాకనే, మెడ చర్మం కింద ఇన్సులిన్ సూది. "ఏమప్పా, సూది నువ్వే ఏస్తావా? వాడు లేకుంటే తోడేండ్లు మందను మిగలనియ్యవు. వానికేమన్నా అయితే నా గడప తొక్కాకు" అన్నాడు చిన్నాయన, వాణ్ణి మా ఇంట్లో కట్టేసి. మందుసీసా, ఊళ్లో సోడాలమ్మే సోడా మామ ఫ్రిజ్జులో చేరింది. బెల్లం విషమని చెప్పి ఇంట్లోంచి బహిష్కరించాను.

సూదులు మొదలయ్యాక వచ్చిన మొదటి శనివారం పొద్దున ఏడుకు కర్రోడి తిండి తట్ట నాకినట్టు ఖాళీగా కనబడింది. సూది వేశాను. పది గంటలకు కర్రోడు తూలి, గోడకు గుద్దుకుని, పక్కకు పడి వణకసాగాడు. కళ్లు తేలేశాడు.

"జేజీ, పొద్దున సంగటి పెట్టినావు కదా?" అని వాడికి రోజూ తిండి పెట్టే మా నాయనమ్మను అడిగాను.

"శనివారం ఒక్కపొద్దు కదరా! దేవునికి పెట్టకముందు మనిషికే లేదు, కుక్కకు యాడుంటాది?"

ఆ ఖాళీ తట్ట రాత్రిది! పుస్తకం అందుకున్నాను. ఎక్కడ వెతకాలో తెలియక పేజీలు తిప్పసాగాను. బయట గొర్రెల గంటలు వినిపించాయి, చిన్నాయన వస్తున్నాడు. ఆ గంటల కంటే భయంకరమైన శబ్దం నేను ఇంతవరకూ వినలేదు.

"ఆ బుక్కు సదివితే లేస్తాడా? జరుగు!" అని జేజి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి బెల్లం ముక్క తీసింది. "నువ్వు ఇసమంటివని దాచిపెట్టినా. మీ తాత సూదేసుకోని తినకుంటే ఇట్లే వణికేవాడు." బెల్లం కరిగించి, వేలితో వాడి చిగుళ్లకు రాసింది. నేను దేవుళ్లందరికీ మొక్కాను (శనివారం దేవుడికి కొంచెం కోపంగా). చాలాసేపటికి తోక ఒకసారి నేలను కొట్టింది. గుటక వేయగలిగాక సంగటి తిన్నాడు. అప్పుడు చూశాను: నేను చదవని సగంలో మొదటి పేజీలోనే ఉంది, తినకుంటే సూది వేయరాదని, వణికితే చిగుళ్లకు తీపి రాయాలని.

ఇప్పుడు నాకూ చక్కెర జబ్బే. జేబులో బెల్లం ముక్క పెట్టుకుని తిరుగుతూ ఆ సగం చదువుల పండితుణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. వాడి నమ్మకం మాత్రం ఇప్పుడు నాకు లేదు. సీసా దాచిన సోడా మామకు, ఆ సాయంత్రం తిట్టి మందు తగ్గించిన డాక్టరుకు, అంతా తెలిసినా గడప తొక్కనిచ్చిన చిన్నాయనకు, నా మాట వినని జేజికి నా కృతజ్ఞతలు. మరి కర్రోడికి? ఆ తర్వాత నేను సూది పట్టుకొస్తే వాడు ముందు తట్ట వైపు చూసేవాడు, తర్వాత నా వైపు. ఆ తర్వాతే మెడ వంచేవాడు.