ఎత్తి పోసుకున్న గుక్క

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా మరిది ఏసోబు. మాది బేస్తవారిపేట నుంచి మార్కాపురం పోయే దారిలో ఒక పల్లె. ఎండాకాలం, మధ్యాహ్నం. నేను గడపలో కూర్చుని కందిపప్పు చెరుగుతున్నాను. రోడ్డు మీద ఆటో ఆగింది. ఏసోబు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"వదినా, అన్న నీళ్లనుకొని యాసిడ్ తాగినాడు. కక్కించినాంలే, భయపడాకు. లెయ్యి, పోదాం."

కక్కించారని విని నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. పురుగుమందు తాగినవాళ్లను మా పక్క చాలామందిని చూశాం. కక్కితే బతుకుతారు, మాకు తెలిసిన వైద్యం అదొక్కటే.

ఆటోలో మా ఆయన దేవదానం ముందుకు వంగి కూర్చున్నాడు. పెదవుల మీద తోలు తెల్లగా ఉబ్బింది. పిలిస్తే గొంతు రాలేదు. చేత్తో రొమ్ము మధ్య చూపించాడు. ఆటో అంతా ముక్కు పగిలే పులుపు వాసన. అది ఆయన ఊపిరిలోంచే వస్తోందని కాసేపటికి తెలిసింది.

ఏసోబుకు బేస్తవారిపేట బస్టాండు దగ్గర నూడుల్స్, మంచూరియా బండి ఉండేది. వాటిలో వెనిగర్ పోస్తారు. దుకాణంలో దొరికే సీసాకు బదులు, చవకవుతుందని ఎవరో చెప్తే, రంగుల పనికి అమ్మే గట్టి యాసిడ్ డబ్బా తెచ్చుకుని నీళ్లు కలిపి వాడేవాడు. అంతకుముందు చలికాలంలో ఒక పొద్దున ఆ డబ్బా మా ఇంటికి పట్టుకొచ్చాడు. లోపల తెల్లగా గడ్డకట్టి ఉంది.

"చూడు వదినా, ఫ్రిజ్జు లేకుండానే ఐసు!"

"దీన్ని తినేదాంట్లో పోస్తావంట్రా?" అన్నాడు మా ఆయన.

"బకెట్టు నీళ్లకు రవ్వంత. మొన్న నువ్వు లొట్టలేసుకుంట తిన్నావే, అది ఏందనుకున్నావ్?"

అందరం నవ్వాం.

ప్రమాదం జరిగిన రోజు మా ఆయన పలకరాళ్ల లారీ దించి, దాహంతో తమ్ముడి బండి దగ్గరికి పోయాడు. మా వైపు బోరు నీళ్లు ఫ్లోరైడ్ నీళ్లు. అందరం ప్లాంటు నీళ్లు పాత సీసాల్లో పట్టి పెట్టుకుంటాం. ఎవరి సీసా అయినా ఎవరైనా తీసుకుంటారు. కానీ ఎవరూ మూతి ఆనించరు, ఎంగిలవుతుంది. తల వెనక్కి వంచి, పైనుంచి ధారగా గొంతులోకే పోసుకుంటాం. చిన్నప్పటినుంచీ నేర్పే మర్యాద అది. ఏసోబు ఆ రోజు డబ్బాలోంచి యాసిడ్ ఒంపిపెట్టుకున్నది అట్లాంటి పాత సీసాలోనే. ఆ మర్యాదతోనే ఆయన బండి కింద నీడలో ఉన్న ఆ సీసా ఎత్తాడు. వెల్లుల్లి, మిరపకాయల ఘాటులో ముక్కుకు తెలియలేదు. నాలుకకు తెలిసేలోగా గుక్క దిగిపోయింది.

చుట్టూ ఉన్నవాళ్లు "మందు తాగినాడు, కక్కియ్యండి" అని అరిచారట. ఏసోబు గిన్నెలు కడిగే సబ్బు నీళ్లు పోసి, గొంతులో వేలు పెట్టి కక్కించాడు.

మార్కాపురం ఆసుపత్రిలో సెలైన్ పెట్టి, మెడికో లీగల్ కేసని పోలీసులకు చెప్పారు. వచ్చిన కానిస్టేబులు మర్యాదగానే అడిగాడు. "ఇంట్లో ఏమన్నా గొడవామ్మా? దాచాకు." లేదన్నాను. మా ఆయన పక్కనుంచి చెయ్యి ఊపాడు, లేదు లేదని. చూడ్డానికి వచ్చిన మా చుట్టాలు కూడా నా మొహం వైపే చూశారు. సాయంత్రానికి ఒంగోలు తీసుకుపోయాం.

నేను బడికి పోలేదు. బైబిలు వాక్యం చదువుకోవాలని మా నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు. అందుకని డాక్టర్ల మాటలు వినపడినట్టే రాస్తున్నాను. మరుసటి పొద్దున ఎండోస్కోపీ చేశారు. పెద్ద డాక్టరు గారు బయటికొచ్చి అడిగిన మొదటి మాట, "వాంతి ఎవరు చేయించారు?"

"నేనే సార్," అన్నాడు ఏసోబు.

"యాసిడ్ దిగేటప్పుడు ఒకసారి కాలుస్తుంది. పైకి వచ్చేటప్పుడు ఇంకోసారి కాలుస్తుంది. పురుగుమందు తాగినా సరే, ఇంటి దగ్గర కక్కించకూడదు."

ఏసోబు తన చేతి వేళ్ల వైపు చూసుకున్నాడు.

వెనిగర్‌తో ఇంత జరుగుతుందా అని నేను అడిగాను. ఆయన విసుక్కోకుండా చెప్పాడు. "వస్తువు ఒకటేనమ్మా, అసిటిక్ యాసిడ్. వెనిగర్‌లో నూటికి నాలుగైదు పాళ్లుంటుంది, మిగతాది నీళ్లు. పచ్చళ్లలో, సాసుల్లో వేసినా ఏం కాదు. మీవాళ్ల సీసాలో ఉన్నది దాదాపు మొత్తం యాసిడే, చలికి ఐసులాగా గడ్డకట్టే రకం. బట్టల అద్దకానికి, జిగుర్లు చేయడానికి ఫ్యాక్టరీల్లో వాడేది." సిలువ మీద ప్రభువు దాహమంటే పుల్లటి చిరక అందించారని ప్రతి మంచి శుక్రవారం వింటూనే ఉన్నాను. మా బండి మీది వెనిగర్ అదేనని ఆ వరండాలో నిలబడ్డప్పుడు తట్టింది.

కొన్నాళ్లు నోటికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత నీళ్లు దిగాయి, జావ దిగింది. ఇంటికి పంపేరోజు నేను దండం పెట్టబోతే డాక్టరు గారు ఆపారు. "ఇప్పుడే సంతోషపడొద్దమ్మా. అసలు సంగతి పుండు మానేటప్పుడు తెలుస్తుంది. రివ్యూ మానొద్దు."

ఆయన మాట నేను సగమే విన్నాను. ఇంటికొచ్చాక మా ఆయన పెరుగన్నం తిన్నాడు. మందిరంలో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. ఏసోబే వచ్చినవాళ్లందరికీ వడ్డించాడు.

"ఏంరా, నాకు మంచూరియా చెయ్యవా?" అని మా ఆయన బొంగురు గొంతుతో అంటే ఏసోబు ఏడుస్తూ నవ్వాడు.

ఆ నెల దాటాక ఒకరోజు అన్నం ముద్ద రొమ్ము దగ్గర నిలబడిపోయింది. నీళ్లు తాగితే దిగింది. తర్వాత నీళ్లు తాగినా దిగలేదు. జావ చేశాను. జావ పలుచన చేశాను. పాలు చేశాను. ప్రతిసారీ ఇది దిగుతుందిలే అనుకునేదాన్ని. చివరికి నోట్లో ఊరిన ఉమ్మి కూడా మింగలేక పక్కన గిన్నె పెట్టుకుని కూర్చునేవాడు. ఇంట్లో తాలింపు వేస్తే లేచి బయటికి పోయేవాడు. నేను తాలింపు మానేశాను.

మళ్లీ ఒంగోలు. "స్ట్రిక్చర్ వచ్చింది. పుండు మానుతూ దారి మూసుకుపోతోంది," అన్నారు. కడుపుకు చిల్లు చేసి పేగులోకి ఫీడింగ్ పైపు పెట్టారు. గంజి, పాలు వడగట్టి అందులో పోసేదాన్ని. పైనుంచి డైలటేషన్ మొదలుపెట్టారు. గొట్టాలు దింపి దారిని కొంచెం కొంచెంగా వెడల్పు చేయడం. చేసిన కొద్దిరోజులు మింగేవాడు, మళ్లీ మూసుకునేది. ఒకసారి చేశాక జ్వరం, రొమ్ములో నొప్పి. అన్నవాహికకు చిల్లు పడిందేమోనని స్కాన్‌కు తీసుకుపోయారు. చిల్లు పడితే ఏమవుతుందని సిస్టరమ్మను అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని స్కాన్ గది తలుపు దగ్గర నాతోపాటు నిలబడింది. చిల్లు లేదన్నారు. ఆ చేతికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఇప్పుడు పైపు తీసేశారు. మెత్తటి అన్నం, పప్పు కట్టు దిగుతున్నాయి. డైలటేషన్ల మధ్య ఎడం పెరిగింది. కాలిన చోట ఏళ్లు గడిచాక క్యాన్సర్ రావచ్చు, బతికినన్నాళ్లూ చూపించుకోవాలి అన్నారు. ప్రతి దగ్గుకూ నా చెవి అటే పోతుంది. మా ఆయన ఎవరింటికి పోయినా గ్లాసే అడుగుతాడు. ముందు వాసన చూస్తాడు, పెదవులు ఆనించి చిన్నగా తాగుతాడు. ఎంగిలని ఎవరన్నా మొహం అదోలా పెడితే పెట్టనిస్తాడు. మందిరంలో ప్రభురాత్రి భోజనం తీసుకునేటప్పుడు ఆయనకు రొట్టెముక్క దిగేదాకా నేను కళ్లు మూసుకోలేను.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. యాసిడ్ తాగినవాళ్లను కక్కించకండి. నోరు పుక్కిలింపించి, ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

ఏసోబు బండి అమ్మేశాడు. దర్శి వైపు కూలికి పోతున్నాడు. ఆదివారాలు వస్తాడు, అన్న తినడం చూస్తాడు, పోతాడు. మా ఇంట్లో ఏదీ ముట్టడు. మొన్న మా ఆయన తన పళ్లెంలోంచి ముద్ద కలిపి అతని నోటి దగ్గర పెట్టాడు. "తినరా. నువ్వు తింటే గదా నాకు దిగేది." ఏసోబు నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. మింగలేక బయటికి పోయి ఉమ్మేశాడు. అతని గొంతులో ఏ పుండూ లేదు. మనిషి మాత్రం మా ఆయన కంటే చిక్కిపోయాడు.

మా ఆయన కోసం ఎందరో ప్రార్థన చేశారు, ఇంకా చేస్తున్నారు. దేవుడు వాళ్లను దీవించాలి. మీరు మోకరించినప్పుడు ఏసోబు పేరు తలచుకోండి. అన్నను బతికించుకోవాలనే అతను గొంతులో వేలు పెట్టాడు.