పురుగుల గదిలో అక్క

నేను బి.ఏ. ముగించి బెంగళూరు నుంచి మా ఊరు పరగోడుకు తిరిగొచ్చిన ఏడు, మా ఇంట్లో చదువుకున్నవాడి అవసరం ఎవరికీ పెద్దగా కనబడలేదు. మల్బరీ ఆకు కోయడానికి కూలీలున్నారు. పట్టుపురుగుల తట్టలు చూసుకోవడానికి అమ్మ ఉంది. నాకు దొరికిన పని అక్క పక్కన కూర్చోవడం.

అక్క కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డ నెల నిండకముందే ఆమె చేతుల్లోనే పోయింది. తర్వాత అక్క ఏడవలేదు, మాట్లాడలేదు. రెండు ముద్దలు మింగి గోడవైపు తిరిగి పడుకునేది. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళు, "ఇంకా చిన్న వయసేలేమ్మా, మళ్ళా పుడతారు," అని చెప్పి కాఫీ తాగి వెళ్ళేవారు. వాళ్ళు వెళ్ళాక అక్క గోడకు ఇంకాస్త దగ్గరగా జరిగేది. మరికొందరు వచ్చి ఓదార్చి ఉంటే గోడలోకే వెళ్ళిపోయేదేమో.

నాకు ఓదార్చడం రాదు. కాలేజీలో నేర్పలేదు. నేర్పినా ఆ క్లాసు ఎగ్గొట్టి ఉండేవాణ్ణి. అందుకని ఏమీ అనకుండా శనక్కాయలు వలుస్తూ కూర్చునేవాణ్ణి.

గోడకు అవతల పురుగుల గది. పురుగులు గూడు కట్టేముందు చివరిసారి కుబుసం విడిచే నిద్ర లేచి ఆకు తింటుంటే తుంపర పడుతున్నట్టు సద్దు వచ్చేది. పెళ్ళికి ముందు ఆ గది అక్కదే. ఇప్పుడు ఆమె దాని గడప తొక్కకూడదు. బిడ్డ పోయిన చెయ్యి సోకితే పురుగులు రోగమొచ్చి ఒళ్ళంతా పాలలా కారి చస్తాయని ఊళ్ళో నమ్మకం. మైల తీరినా సరే. అమ్మ పెట్టిన కట్టుబాటు కాదది, కానీ అమ్మ దాన్ని శ్రద్ధగా పాటించేది.

ఒకరోజు మామ, అంటే అమ్మకు అన్న, వచ్చి అక్కను గుమ్మంలోంచే చూసి తీర్పు చెప్పాడు.

"ఇది గాలి పట్టిండేది. చింతామణి పక్క ఒకాయనుండాడు, వేపమండతో కొట్టి దించుతాడు. శుక్రారం బండి తెస్తా."

"ఏడవకపోతే కొడతారా మామా?"

"మీ బి.ఏ.లో ఇవన్నీ రాయరులే," అన్నాడు. అది నిజమే.

శుక్రవారం పొద్దున అక్కతో ఉన్నమాట చెప్పేశాను.

"మామ బండి తెస్తాండాడు, నిన్ను కొట్టిచ్చేదానికి. నీకు యాడికి పోవాలని ఉండాదో చెప్పు, తోడొస్తా."

అక్క గోడ మీద చెయ్యి ఆనించి, "లోపలికి," అంది.

నా జీవితంలో సాహసాలు తక్కువ. పురుగుల గది తలుపు తీయడం వాటిలో ఒకటి. అక్క ఒక తట్ట దగ్గర గొంతుక్కూర్చుని ఆకు పరవడం మొదలుపెట్టింది. అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏం పని రా ఇది? పంటంతా పోతే?"

"పోతే నా మీద చెప్పుమ్మా. చదువుకున్నోడు తాకినాడు, సచ్చినాయి అను. ఊరు నమ్ముతాది."

అమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. అప్పుడే అక్క గొంతెత్తి ఏడ్చింది. అన్నాళ్ళూ లోపల ఉంచుకున్నదంతా ఏడ్చింది. చెయ్యి మాత్రం ఆగలేదు, ఆకు వేస్తూనే ఉంది. అమ్మ తెరిచిన నోరు మూసుకుంది.

అంతలో బండి వచ్చింది. మామ ఆ ఏడుపు విన్నాడు.

"చూస్తివా, గాలి ఎట్ల అరుస్తాండాదో. జరుగు రా."

నేను గుమ్మంలోంచి జరగలేదు. మనిషిని సన్నం. మామ ఒక చేత్తో నన్ను పక్కన పెట్టేయగలడు, పెట్టబోయాడు కూడా.

"ఆగన్నా," అంది అమ్మ. "బయటినుంచి వచ్చినోళ్ళు పురుగులుండే తావుకు పోకూడదు."

"కాళ్ళు కడుక్కుంటా."

"కడుక్కున్నా కూడదు."

"మరి అది పోలేదా లోపలికి? దానికి కూడతాదా?"

"అది నా బిడ్డ. బిడ్డను పోగొట్టుకోని ఏడుస్తాంది. ఏడవనీ. నువ్వు బండి తిప్పుకో."

మామ వెంటనే తిప్పలేదు. మధ్యాహ్నం దాకా అరుగు మీద బిగుసుకుని కూర్చున్నాడు. అమ్మ సంగటి పెడితే తిన్నాడు. పంట పోతే తన గడపకు రావద్దని చెప్పి, ఖాళీ బండి తోలుకుపోయాడు.

ఆ పంటలో కొన్ని పురుగులు చచ్చాయి. ప్రతి పంటలోనూ కొన్ని చస్తాయి. ఎన్ని పోయాయో విచారించడానికి వచ్చినవాళ్ళను అమ్మ వాకిట్లోనే నిలబెట్టింది. "నా బిడ్డ లోపల ఆకేస్తాంది. మాకిప్పుడు తీరిక లేదు," అని చెప్పి తలుపు వేసుకుంది.