పాలు పొంగిన ఇనప పొయ్యి

నిన్న సౌదీ కొండల మీద, మా తాయిఫ్ తోటలో, చెమట గదిలో ఉన్న పాత ఇనప పొయ్యిని నలుగురం కలిసి బయటికి మోసుకొచ్చి, దాని చోట కరెంటుది పెట్టాము. బిగించినవాడు సెల్‌ఫోను మీద వేలు ఆనించగానే అది వేడెక్కడం మొదలుపెట్టింది. పాలగిన్నె పెడదామని వెళితే, దాని మీద ఏదీ పెట్టకూడదట. కొత్త పొయ్యి మీద ముందుగా పాలు పొంగకపోతే మనసుకెంత వెలితిగా ఉంటుందో మన ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ వెలితిలోనే, ఇరవై ఏళ్ల కిందట ఆ పాత పొయ్యిని బిగించిన రోజులు గుర్తుకొచ్చాయి.

అప్పట్లో నేనూ, నాకు పిల్లనిచ్చిన మామా వీసా ఇచ్చి పని చేయించుకునే ఒకే యజమాని, అంటే కఫీల్, దగ్గర ఉండేవాళ్లం. ఆయన తాపీ మేస్త్రీ, నేను ఆయన చేతికింద. మా కఫీల్ ఏదో చలిదేశం తిరిగొచ్చి, అక్కడ కట్టెల పొయ్యి మీద రాళ్లు కాల్చి, నీళ్లు చిలకరించి, ఆ ఆవిరిలో కూర్చుంటారని చెప్పి, మోకాళ్ల నొప్పులతో బాధపడే తన తల్లి కోసం తోటలో చెక్కగది కట్టించాడు. శుక్రవారం ఆమె వచ్చి కూర్చోవాలి, శనివారం నేను సెలవు మీద ఇంటికెళ్లే చుట్టీ కాగితం మీద సంతకం పెడతానన్నాడు. ఇంటి దగ్గర నాకు కూతురు పుట్టి పదకొండు నెలలు, ఫోటోలో తప్ప ఎరగను. నాకంటే మామకే ఆరాటం ఎక్కువ; మనవరాలికని కొన్న వెండి పట్టీలను పెట్టెలోంచి తీసి చూసుకోవడం, మళ్లీ పెట్టుకోవడం.

పొయ్యితోపాటు బొమ్మల పుస్తకం ఒకటి వచ్చింది. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి, పొయ్యి పెట్టడం కూడా మనకొకడు నేర్పాలా అని పక్కన పడేశాడు. మన ఇళ్లల్లో పొయ్యి మూలకు, గోడను ఆనుకునే కదా ఉంటుంది, అలాగే మూలకు జరిపి గోడకు జానెడు దూరంలో దించాము. మన గోడ మట్టిదనీ, ఈ గోడ చెక్కదనీ ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నా తెలివి ఇంకా ఘనం. తలుపు కింద బెత్తెడు సందూ, పొయ్యి వెనక గోడ అడుగున ఒక కన్నమూ కనబడితే, గది కట్టిన పాకిస్తానీ వడ్రంగిని పనిదొంగ అని తిట్టుకుని, చలిగాలి రాకుండా రెండింట్లోనూ గోనెపట్ట కుక్కాను.

గురువారం మధ్యాహ్నం పని అయిందనిపించి తాళంచెవి ఇచ్చేద్దామన్నాను. మామ కదల్లేదు.

"పాలు పొంగియ్యకుండ పొయ్యి ఎట్ల అప్పజెప్తం అల్లుడా?"

తుమ్మ కట్టెలు అంటించి, పాలు పెట్టి, తలుపు మూసుకుని ఇద్దరం బల్ల మీద కూర్చున్నాము. ఒళ్లంతా చెమట, తల దిమ్ముగా ఉంది. గది మహిమ కాబోలనుకున్నాను. పాలు పొంగి చుయ్యిమన్నాయి. దండం పెట్టుకుందామని లేచిన మామ తూలి గోడకు చెయ్యి ఆనించాడు, ఆనించినంత వేగంగా వెనక్కి లాక్కున్నాడు. పొయ్యి వెనక చెక్క మాడిన అప్పడంలా నల్లబడుతోంది. తలుపు బార్లా తెరిచి, నిప్పు మీద ఇసుక పోసి, దానిమ్మ చెట్టు కింద కూలబడ్డాము. మామ వాంతి చేసుకున్నాడు. తల తేరుకున్నాక ఆ పుస్తకం తెరిస్తే, పొయ్యికీ గోడకూ మధ్య ఎంత ఎడం ఉండాలో, కన్నంలోంచి గాలి ఎలా రావాలో, రాకపోతే లోపలి మనిషి ఎలా సొమ్మసిల్లుతాడో అన్నీ బొమ్మల్లోనే ఉన్నాయి.

సరిచేయాలంటే పొయ్యిని బారెడు ముందుకు జరిపి, వెనక సందు వదిలి ఇటుక గోడ లేపాలి, పైకప్పులో పొగగొట్టం చుట్టూ చెక్క తగలకుండా రేకు తొడగాలి. చెబితే నా చుట్టీ పోతుంది. చెప్పడం దేనికి, శుక్రవారం ఒక్కరోజూ చిన్న మంట వేసి గట్టెక్కిస్తే పోలా అని నాకు అనిపించింది. కానీ తలుపు మూసుకుని ఆ బల్ల మీద కూర్చునే ముసలామె కళ్ల ముందు మెదిలి, నా మీద నాకే అసహ్యం వేసింది.

"నేను జెప్త. మేస్త్రీని నేను గద," అన్నాడు మామ.

"గోనెపట్ట కుక్కింది నేను మామా. నేనే జెప్త."

వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. కఫీల్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు, శనివారం మాట మరిచిపొమ్మన్నాడు. కారులో కూర్చున్న ఆయన తల్లి నన్ను పిలిచి, నిప్పు సంగతి ఎలా తెలిసిందని అడిగింది. పాల సంగతి చెబితే పకపకా నవ్వి, పిల్లలెంతమంది అంది. కూతురిని ఇంకా చూడలేదన్నాను. ఆమె నవ్వు ఆపి, వీడు పొయ్యి బాగుచేసిన మర్నాడే పంపించు అని కొడుకుతో తెగేసి చెప్పింది.

పన్నెండు రోజులు పట్టింది. ఈసారి పాలు పొంగించేటప్పుడు ఆమే యాలకులు తెచ్చింది. మోకాళ్లు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయని, నిద్ర బాగా పడుతోందని తరువాత చెప్పింది. నేను ఇంటికి చేరేసరికి నా కూతురు నడక మొదలుపెట్టి మూడు రోజులైందట. ఆ కొత్త నడకతోనే నన్ను చూసి వాళ్లమ్మ వెనక్కి పారిపోయింది. తొలి అడుగు చూడలేకపోయానని బాధపడ్డాను, ఇప్పటికీ బాధే. కానీ ఆ రోజు చెప్పినందుకు ఒక్కనాడూ చింతించలేదు.

ఆ పెద్దమ్మ బతికున్నన్నాళ్లూ ఏటా చలికాలం తొలి మంట మీద పాలు పొంగందే గదిలో అడుగుపెట్టలేదు. ఊళ్లో ఉన్న మామకు నిన్న ఫోన్ చేస్తే, పాలు పొంగినయా అనే ముందుగా అడిగాడు. చోటు లేదు మామా అన్నాను. ఈ కొత్తది వేడి మితిమీరితే దానంతట అదే ఆగిపోతుందట. మంచిదే, నాకు సంతోషమే. తప్పు నాదేనని దాని ముందు ఎవరూ నిలబడి చెప్పుకోనక్కర్లేదు; చెప్పుకున్నా, విని, వెళ్లి బిడ్డను చూసి రమ్మనే ఆ పెద్దమ్మ లేదు.