సుదర్శన్ అన్న అరగదీసిన ట్రిగ్గర్

ఇవాళ ఫ్యాక్టరీలో పాలిషింగ్ పేస్టు కొత్త డబ్బా మూత తీశాను. ఆ జిడ్డు వాసనకు సుదర్శన్ అన్న గుర్తొచ్చాడు. ఎముకల ఆపరేషన్లకు కావలసిన పనిముట్లు చేసే ఈ ఫ్యాక్టరీలో నా మొదటి బాస్ ఆయనే. బాలానగర్ టూల్‌రూముల్లో పని నేర్చుకుని, నాకంటే చాలా ముందే ఐర్లండ్ వచ్చి కిల్కెన్నీ దగ్గర స్థిరపడ్డాడు. ఆకురాయి పట్టడం నాకు చేతకాకపోతే మణికట్టు పట్టుకుని దిద్దించాడు. "బలం పెట్టకు తమ్మీ. ఎక్కడ గరుకున్నదో ఇనుమే చెప్తది," అనేవాడు.

ఆయనకున్న ఒకే సరదా గురిచూసి కాల్చడం. ఊరి బయటి షూటింగ్ క్లబ్బుకు ఫ్రాంక్ అనే రిటైరైన బస్సు డ్రైవరుతో కలిసి వెళ్లేవాడు. ఇద్దరూ ప్రాణస్నేహితులు. అన్న దగ్గర పాత లైసెన్సు మీద ఒక రివాల్వర్ ఉండేది. ట్రిగ్గర్ బిగువుగా ఉందని, దాన్నీ, తూటాను కొట్టే హేమర్‌నూ, హేమర్‌ను ట్రిగ్గర్ ఆపి ఉంచే అంచుల దగ్గర, ఇంటి వెనక షెడ్డులో తానే అరగదీసి ఆకారం మార్చాడు. ఒక ఆదివారం నన్ను పిలిచి ఖాళీ రివాల్వర్ చూపించాడు. వేలు తగిలీ తగలకముందే హేమర్ టక్కున పడింది.

"చూసినవా? వెన్నలెక్క అయింది."

"గన్‌స్మిత్‌కు ఇవ్వాల్సింది కదా అన్నా?"

"వాడు నాకంటె మంచిగ చేస్తడా?" అని నవ్వాడు. ఆ చేతుల మీద ఆయనకెంత నమ్మకమో నాకూ అంతే.

ఆ వేసవిలోనే క్లబ్బులో ఘోరం జరిగింది. అన్న హేమర్ వెనక్కి లాగి గురి చూస్తుండగా ఎవరో ఆగమని కేకేశారు. రివాల్వర్‌ను అలాగే బల్ల మీద పెట్టబోయాడు. వేలు ట్రిగ్గర్ మీద లేదు. బల్లకు తగిలిన ఆ కాస్త అదురుకే హేమర్ జారి తూటా పేలింది. గొట్టం పక్కకు తిరిగి ఉండటంతో అది పక్కన నిలబడ్డ ఫ్రాంక్ మెడకు తగిలింది. అంబులెన్సు వచ్చేసరికి ప్రాణం లేదు.

గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చేలోపు క్లబ్బు సభ్యుడొకాయన అన్నను పక్కకు పిలిచి, ట్రిగ్గర్ పాతబడి అరిగిపోయిందని చెప్పమన్నాడట. అన్న వినలేదు. అది అరిగిపోలేదు, నేనే అరగదీశానని గార్డులకు చెప్పేశాడు.

కోర్టు జైలుకు పంపలేదు. అది ఆయనకు ఊరట కాలేదు. ఫ్రాంక్ భార్య నోరాను చూడాలని అన్న అడిగితే నేనే కారులో తీసుకెళ్లాను. ఆమె తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు.

"నిజం చెప్పావు, అంతవరకు మంచిదే. ఇంకెప్పుడూ రాకు సుదర్శన్," అని తలుపు వేసుకుంది.

తిరిగొస్తూ అన్న అరచేతులు చూసుకున్నాడు. "ఇంత పనితనం నాకెందుకొచ్చెరా," అన్నాడు. మర్నాడే ఉద్యోగం మానేశాడు. చనిపోయేదాకా మళ్లీ ఆకురాయి ముట్టలేదు.

ఇప్పుడు ఆయన చూసుకున్న పాలిషింగ్ గదికి నేనే పెద్దను. ఏ అంచునైనా నునుపు చేసేముందు, అది దేన్ని ఆపి ఉంచుతోందో నా దగ్గర పనిచేసే అందరినీ అడుగుతాను. నా చేతుల్లో ఉన్న పనితనమంతా ఆయన పెట్టిందే. దాన్ని వదులుకోలేను. ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం తల ఎత్తలేను.