ఒక రోజు ఆలస్యం

మొన్న వాన వెలిసిన పొద్దున మా వాడ వాట్సాప్ గ్రూపులో ఎవరో, మన గల్లీలో రెండిళ్లలో డెంగీ అంటున్నారు, నిజమేనా అని అడిగారు. మధ్యాహ్నం దాకా ఎవరూ జవాబివ్వలేదు. ఆ ప్రశ్న మీద శుభోదయం పూలూ చీరల ఫొటోలూ వచ్చి పడ్డాయి. ఉద్యోగం నుంచి దిగిపోయి రెండేళ్లవుతున్నా నాకు కాలు నిలవలేదు. కూర్చున్నాను, లేచాను, గడప దాకా వెళ్లి వచ్చాను, చివరికి చెప్పులేసుకుని నేనే ఆ రెండిళ్లకూ పోయి కనుక్కుని వచ్చి రాశాను. రాశాక కూడా మనసు కుదుటపడలేదు. అది అప్పటికే కరోనా ఏడాదికి వెళ్లిపోయింది.

ఆ రోజుల్లో మట్టెవాడలో మా బస్తీ దవాఖాన నర్సును నేనే. పొద్దున్నే దవాఖాన మెట్ల మీద కూర్చుని, ఏ గల్లీలో ఎన్ని కేసులు ఉన్నాయో, ఇవాళ పరీక్షలు ఎక్కడ చేస్తామో, జ్వరం తగిలినవాళ్లు ఏం చేయాలో గ్రూపులో పెట్టడం డాక్టరమ్మ నాకు అప్పగించిన పని. పేర్లు రాసేదాన్ని కాదు, గల్లీ వరకే. పుకార్లు ఎట్లా ఉండేవో మీకు గుర్తుండే ఉంటుంది. డోర్నకల్ రైల్వేలో పనిచేసి వచ్చిన మా బాబాయి పోయాడని ఎవరో దండ వేసిన ఫొటో పెడితే, ఆయన అరుగు మీద చాయ్ తాగుతూ అది చూసుకుని, కోపంతో తన గొంతు రికార్డు చేసి పంపాడు. ఆనాటి నుంచి నర్సమ్మ పెట్టేదాకా ఏదీ నమ్మొద్దని వాడంతా అనుకున్నది. నాకది గర్వంగానే ఉండేది.

అట్లాంటి ఒక పొద్దున మా అన్నకు పాజిటివ్ వచ్చింది. గల్లీ మలుపులో అన్నకు కిరాణా దుకాణం, మా నాన్న పెట్టినది. పరీక్ష చేసింది నేనే. ఫలితం చెప్పగానే అన్న దవాఖాన వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"చెల్లె, ఒక్క దినం ఆగు. గల్లీ పేరు పెట్టినవంటే నేనే అని అందరికి తెలుస్తది. మొన్న ఆ టైలరోళ్లింటికి పాలు పోసుడు గూడ బంద్ చేసిండ్రు, చూసినవు గద. నేను ఇంట్లనే ఉంట, షెటర్ దించుత."

రిజిస్టరులో రాశాను. గ్రూపులో మాత్రం ఆ రోజు మా గల్లీని వదిలేశాను.

మర్నాడు పొద్దున బీపీ గోలీల కోసం పెద్దమ్మ వచ్చింది. మా పక్కింటావిడ, పాలకుర్తి నుంచి కోడలిగా వచ్చి, అమ్మ లేని నాకు జడలు వేసి బడికి పంపిన మనిషి. గోలీలు కొంగున కట్టుకుంటూ, "నిన్న మాపటికి పుట్నాలకు పోయిన బిడ్డా. షెటర్ సగం లేపి మీ అన్ననే జోకి ఇచ్చిండు. గొంతు అస్సలు బాగలేదు, జర కషాయం తాగమను" అన్నది. నేను ఉన్నదున్నట్టు లేచి గల్లీ మలుపుకు నడిచాను.

దుకాణం ముందు రోడ్డు మీద నిలబడి పిలిచాను. లోపలి నుంచి వదిన, జనం ఒచ్చి ఊకె తలుపు కొడుతుంటే కాదనలేకపోయినమని ఏడ్చింది. అన్న కిటికీ దగ్గరికి వచ్చాడు.

"పెద్దమ్మ వచ్చిందట. నువ్వన్న చెప్పు అన్నా, లేకుంటే నేను చెప్త. నేను దాచిన్నని గూడ చెప్త."

అన్న కిటికీ రెక్క మీద చెయ్యి వేశాడు. "నువ్వు దాచిన్నంటే రేపటి సంది నీ మాట ఎవలు నమ్ముతరు?" అని కిటికీ మూసుకున్నాడు.

నేను ఇంకా రోడ్డు మీదే ఉండగా ఫోన్ మోగింది. గ్రూపులో అన్న గొంతు, మధ్యమధ్య దగ్గుతో. "నాకు కరోనా ఒచ్చింది. మొన్న హన్మకొండల టెస్టు చేయించుకున్న, నిన్ననే తెలిసింది. నా చెల్లెకు గూడ చెప్పకుంట దాచిన. నిన్న దుకాణంకు ఒచ్చినోళ్లందరు జర పోయి టెస్టు చేయించుకోండ్రి. తప్పు నాదే."

అది అబద్ధమని రాయడానికి ఫోన్ పట్టుకునే దవాఖానకు నడిచాను. నేను చేరేసరికే అక్కడ జనం బారులు తీరారు. ఆ రోజు నిజంగానే తీరిక లేదు. మర్నాడు ఉన్నది. ఆ తర్వాత కూడా ఉన్నది.

పెద్దమ్మకు పాజిటివే. పెద్ద దవాఖానలో ఆక్సిజన్ మీద పెట్టారు, బతికి వచ్చింది. కానీ గల్లీ మొదటి నుంచి ఇంటికి రావడానికి మూడుచోట్ల ఆగేది, గోడ పట్టుకుని. అంటుకున్నది దుకాణంలోనో, కూరగాయల బండి దగ్గరో ఎవరూ చెప్పలేరని డాక్టరమ్మ అన్నది. నేను ఆ మాటను ఎన్నిసార్లు చెప్పుకున్నా నా మనసులో నిలవలేదు. రెండేళ్ల తర్వాత పెద్దమ్మ నిద్రలోనే వెళ్లిపోయింది. ఆ రెండేళ్లూ దాదాపు రోజూ పక్కన కూర్చుని కాళ్లు పట్టాను, ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు.

అన్న కోలుకున్నాడు గానీ దుకాణం కోలుకోలేదు. చాలా ఇళ్లవాళ్లు అటు చివర దుకాణానికి మారిపోయారు. ఆ ఏడాదే వాడవాళ్లు నాకు శాలువా కప్పితే, వెనక వరసలో నిలబడి అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది అన్ననే. ఎప్పుడైనా ఆ ముచ్చట ఎత్తబోతే, "ఇప్పుడు చెప్పి ఏం జేస్తవు, పోనియ్" అని తక్కెడ తుడుచుకుంటాడు.

ఆ రోజుల్లో మనుషులు ఒకరికొకరు దూరంగా నిలబడ్డారన్నది నిజమే. అయినా ఎదురింట్లో ఎవరు దగ్గినా మన గుండె అదిరేది, మన జ్వరం పక్కింటివాళ్ల సంగతి కూడా అని చిన్నాపెద్దా అందరికీ తెలిసింది. ఇప్పుడు భయం పోయింది, మంచిదే. దాని వెంట ఆ ఎరుక కూడా పోయింది. మూతికి గుడ్డ కట్టుకున్నవాణ్ని చూసి నవ్వుతారు, దగ్గుకుంటూనే పెళ్లి బంతిలో కూర్చుంటారు. నేను ఎవరికైనా ఒకమాట చెప్పబోతే పక్కనున్న ముసలివాళ్లు, వినండ్రి, ఆమె ఎన్నడు దాచే మనిషి గాదు అని నా తరఫున గట్టిగా పలుకుతారు. అప్పుడు నేను అక్కడ ఇంకొక్క క్షణం కూడా నిలబడలేను.